పేపరు పేరు చెప్పండి, పార్టీ పేరు చెబుతాం

సూరత్‌లో భేస్తాన్ చుట్టుపక్కల సాంచాల మీద పన్నెండు గంటల షిఫ్టు దిగిన మన నేతన్న చాయ్ తాగుతూ ఫోన్‌లో తెలుగు పేపర్లు తెరుస్తాడు. నిన్న ఊళ్లో జరిగిన సభ ఒక్కటే. ఒక పేపర్లో అది జనసంద్రం. ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీల ఫొటో. మూడోదాని లెక్కన అసలు సభే జరగలేదు. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి. బట్టలో డ్యామేజీ వస్తే సేఠ్ కూలి కోస్తాడు. సభకొచ్చిన జనాన్ని మొత్తంగా మింగేసిన పేపరుకు కోత పెట్టే సేఠ్ ఎవరు?

అయోమయపడనక్కర్లేదు, యజమాని ఎవరో చూస్తే చాలు. తండ్రి ముఖ్యమంత్రిగా ఉండగా, 2008 మార్చి 24న, ఒకేసారి 23 ఎడిషన్లతో సాక్షిని దించింది వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి. 2011లో మొదలైన నమస్తే తెలంగాణ అధిపతి దామోదర్‌రావు 2022లో కేసీఆర్ పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. ఈనాడు మాత్రం ఏ పార్టీదీ కాదు. 1982లో తెలుగుదేశం పుట్టింది మొదలు దానిమీద అభిమానం, అంతే! 1995లో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఆ అభిమానం చంద్రబాబు వెంట నడిచింది.

2022 జూన్‌లో జగన్ ప్రభుత్వానికి గ్రామ, వార్డు వాలంటీర్ల జ్ఞానం మీద బెంగ పట్టుకుంది. బాగా సర్క్యులేషన్ ఉన్న పేపరు కొనుక్కోమని తలా నెలకు 200 రూపాయలిచ్చింది. ఏ పేపరో జీవోలో రాయలేదు, అంత మర్యాద! ఇది సాక్షిని అమ్మిపెట్టడానికేనని ఈనాడు సంస్థ కోర్టుకెక్కింది. పేపర్ల పోరు 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఢిల్లీ హైకోర్టుకు చేరింది. రెండొందలు మాత్రం జనం సొమ్ము.

ఈ ఘనత మన ఒక్కరిదే కాదు. 1939లో సింగపూర్‌లో మలయ్ భాషలో ఉతుసాన్ మెలాయు పత్రిక పుట్టినప్పుడు టాక్సీ డ్రైవర్లు, రైతులు చిల్లర కూడబెట్టి వాటాలు కొన్నారు. 1961లో మలయా పాలక పక్షం అమ్నో దాన్ని గుప్పిట్లోకి తీసుకుంటుంటే విలేకరులు మూడు నెలలు సమ్మె చేసి ఓడిపోయారు. 2018లో మలేసియాలో అమ్నో గద్దె దిగింది. 2019 అక్టోబరులో ఉతుసాన్ సంస్థ పేపర్లు మూతపడ్డాయి. పార్టీకి జలుబు చేస్తే పేపరుకు న్యుమోనియా!

భేస్తాన్‌లో రైలెక్కితే బొంబాయి ఎంతో దూరం లేదు. వలస తెలుగువాళ్లున్న ఆ ఊళ్లోనే 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక పెట్టారు. ఆయన తలనొప్పి మందు అమ్మి పత్రిక నడిపారు. ఇప్పటివాళ్లు పత్రిక నడిపి తలనొప్పి అమ్ముతున్నారు. మీటరు రేటు ఎంత పెరిగింది, సాంచాల మోతకు చెవులేమవుతున్నాయి, సూరత్ కార్పొరేషన్ వారి తెలుగు మీడియం బడి ఎలా నడుస్తోంది? ఇవి ఏ అధినేతకూ ఓట్లు తెచ్చేవి కావు గనుక వార్తలు కావు. మన పేపర్లో సూరత్ కనిపించాలంటే చీరల సేల్ ప్రకటన రావాలి, లేదా ఏదో ఒకటి తగలబడాలి.

అయ్యా యజమానులూ, నిష్పక్షపాతం, నిర్భీతి లాంటి పెద్ద మాటలు ఇక చాలు. పేపరు పేరు పక్కన సైకిలో, ఫ్యానో, కారో ముద్రించండి. కరపత్రాలను పార్టీలు ఎన్నికలప్పుడు ఉచితంగా పంచుతాయి. మీరు ఏడాది పొడవునా డబ్బు తీసుకుని అమ్ముతున్నారు.