శ్రీరస్తుకి వాలు

రాజమండ్రి దేవీచౌక్ దగ్గర ఓ డీటీపీ షాపు. ప్లాస్టిక్ కుర్చీలో పెళ్ళికూతురి మేనమామగారు, చేతిలో శుభలేఖ ప్రూఫు.

"అబ్బాయ్, ఇంగ్లీషులో అమ్మాయి పేరు వాలుగా భలే ఉందయ్యా. ఈ శ్రీరస్తే కర్రలా నిలబడిపోయింది. దీన్నీ కాస్త వాల్చు."

"తెలుగు వాలదండి."

"ఎందుకు వాలదూ? మా కొబ్బరిచెట్లన్నీ కాలవ మీదకి వాలే ఉన్నాయి."

పేరుకి వాడింది పాపిన్స్ ఇటాలిక్. పార్లే వాళ్ళ బిళ్ళలు కావు. 2014లో ఇండియన్ టైప్ ఫౌండ్రీ విడుదల చేసిన ఫాంటు. కొసల్లో ముక్కులూ తోకలూ ఉండవు. 'ఓ' అంటే దాదాపు వృత్తలేఖినితో గీసిన సున్నాయే. సన్నం నుంచి బండ దాకా తొమ్మిది మందాలు, ప్రతిదానికీ వాలుగా ఒక జత. ఇంగ్లీషుతో పాటు దేవనాగరీ ఉంది, తెలుగు లేదు. అదే సంస్థ తెలుగుకి హింద్ గుంటూరు అని వేరే ఫాంటు చేసింది. అయిదు మందాలున్నాయి, వాలు మాత్రం లేదు.

"గుంటూరుకి ఫాంటా! మరి మనకో?"

"గిడుగు ఉందండి." 1936లో పర్లాకిమిడి వదిలి రాజమండ్రి చేరిన వ్యావహారిక భాషా పిడుగు పేరు మీద. దానికీ వాలు లేదు. మేనమామగారు కొంత చల్లబడ్డారు.

సరే, వాల్చి చూపిద్దామని కుర్రాడు పేజ్‌మేకర్ తెరిచాడు. దాన్ని 1985లో తెచ్చిన ఆల్డస్ కంపెనీకి ఆ పేరు ఆల్డస్ మనూషియస్ వల్ల వచ్చింది. 1501లో వెనిస్‌లో వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే పుస్తకంగా, వాలు అక్షరాలతో అచ్చేసింది ఆయనే. అయిదొందల ఏళ్ళ తర్వాత ఆయన వాలు దేవీచౌక్‌లో శ్రీరస్తు మీద పడింది.

ఐ బటన్ నొక్కగానే 'ర' మీద ఎవరో కూర్చుని లేచినట్టయింది. పూర్ణంబూరె లాంటి అక్షరం ఒక మూల లావెక్కి, ఇంకో మూల చిక్కిపోయింది. సున్నాని ఉన్నపళంగా పక్కకి తోస్తే అంతే. పాపిన్స్ లాంటి ఫాంట్లలో ఆ మందాన్ని మనిషి కూర్చుని ఒక్కో అక్షరానికీ సరిదిద్దుతాడు. ఇక్కడ దిద్దేవాడు లేడు. అసలు గొడవ వత్తులతో. అక్షరాలు నిలబడే గీతకి పైనున్నది కుడికి పోతే, కిందున్నది ఎడమకి జారుతుంది. శ్రీ గుడిదీర్ఘం కాకినాడ బస్సెక్కింది, రవత్తు కొవ్వూరు బస్సెక్కింది. 'స్తు' కింది తవత్తు వెళ్ళి 'ర' పంచన చేరింది.

మేనమామగారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఒద్దులే. నిలబెట్టెయ్."

శుభలేఖలు నిటారుగానే అచ్చయ్యాయి. పెళ్ళి ఫ్లెక్సీ కూడా. కుర్రాళ్ళు దాన్ని తీసుకెళ్ళి కాలవ గట్టున రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టారు. మేనమామగారు మెడ పక్కకి వంచి, శ్రీరస్తు మొదలుకుని చివరిదాకా చదివారు.

"ఆయ్, ఇప్పుడు కుదిరిందండి!"