మూడో పేజీ సాక్షి

సాక్షి కావడానికి పెద్ద అర్హతలేం అక్కర్లేదు, పక్కింట్లో కాఫీ తాగితే చాలు. పదకొండేళ్ల కిందట పక్కింటి మాస్టారు గారు కాఫీకి పిలిచి, నేను గ్లాసు కింద పెట్టేలోపే "ఇక్కడో సంతకం పడెయ్యండి" అన్నారు. పడేశాను. వీలునామాట. తరువాత ఆయన పోయారు. కొడుకులిద్దరూ కోర్టుకెక్కారు. వాళ్లతోపాటే మెట్లెక్కిన నా సంతకం వెనక్కి తిరిగి నన్నూ రమ్మంది.

పెద్దకొడుకు తరఫు ప్లీడరు గారు ఆఫీసుకి పిలిపించి "చీఫ్ అఫిడవిట్ రెడీ" అన్నారు. 2002 నుంచి సివిల్ దావాల్లో సాక్షి తన మొదటి వాంగ్మూలాన్ని బోనెక్కి నోటితో చెప్పనక్కర్లేదు, ప్రమాణపత్రంగా ఇస్తే సరిపోతుంది. కోర్టు వేళ కలిసిరావాలని పెట్టిన ఏర్పాటు. కలిసిరావడమంటే అలా ఇలా కాదు. నేను చూసింది నేనింకా చెప్పకముందే నాలుగు పేజీల ఇంగ్లీషులో టైపై ఉంది. అందులో నా వయసూ, మా నాన్న పేరూ తప్ప నేనెరిగిన సంగతి ఒక్కటీ లేదు.

"ఇందులో నేను చెప్పిందెక్కడుందండీ?"

"అడుగున. పెన్సిల్‌తో గుర్తు పెట్టాను చూడండి, అక్కడ సంతకం చెయ్యండి."

కూడబలుక్కుని చదివాను. మాస్టారు మూడు పేజీల మీదా నా కళ్లెదుటే సంతకాలు చేశారని ఉంది. "నేను వెళ్లేసరికి రెండు పేజీలు అయిపోయాయండీ, నేను చూసింది మూడోదే" అన్నాను.

"ఒకటీ రెండూ చెయ్యకుండా మూడోది చేస్తారా ఎవరైనా?"

"చెయ్యరు."

"మరింకేం? మూడూ చూసినట్టే."

కాదనడానికి నా దగ్గర లా డిగ్రీ లేదు. పెన్సిల్ గుర్తు మీద సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు తిరగేశాను. వకీలు కోర్టు పట్ల ఎలా ఉండాలో ఉంది. క్లయింటు పట్ల, ఎదుటి పక్షం పట్ల, చివరికి తోటి వకీళ్ల పట్ల ఎలా ఉండాలో కూడా ఉంది. సాక్షి పట్ల ఎలా ఉండాలో విడిగా ఓ శీర్షిక మాత్రం లేదు. తాను సాక్షిగా నిలబడాల్సి వస్తుందనుకున్న కేసును వకీలు ఒప్పుకోకూడదని మాత్రం ఉంది. సాక్షి బతుకెలా ఉంటుందో వాళ్లకి బాగానే తెలుసన్నమాట.

ఇంగ్లండులో క్రిమినల్ కేసు సాక్షికి కోర్టు ఎలా ఉంటుందో చూపించవచ్చు గాని, ఏం చెప్పాలో తర్ఫీదు ఇవ్వకూడదని 2005లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. అమెరికాలో సాక్షిని తయారుచెయ్యని వకీలు పనిదొంగ కింద లెక్క. అయితే వాంగ్మూలం నడుస్తుండగా సాక్షికి కన్ను గీటడం, బల్లకింద కాలితో తన్నడం కూడదని 2023లో వాళ్ల బార్ అసోసియేషన్ చెప్పాల్సొచ్చింది. చెప్పాల్సొచ్చిందంటే తన్నేవాళ్లున్నారనేగా. మన దగ్గర అంత శ్రమ లేదు, దగ్గితే చాలు.

పెద్ద ఊళ్లలో దగ్గుతోనూ పనిలేదు. 1999లో ఢిల్లీలో ఆరుగురిని బలిగొన్న బీఎండబ్ల్యూ కారు కేసు గుర్తుందా? అందులో ప్రాసిక్యూషన్ సాక్షిగారి బాగోగులను ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పి.పి.) గారూ, ముద్దాయి తరఫు సీనియర్ వకీలు గారూ కూడా కనుక్కుంటూ 2007లో టీవీవాళ్ల రహస్య కెమెరాకు దొరికారు. ఉప్పూనిప్పూలా ఉండాల్సిన ఇద్దరు ఒకే సాక్షిని అంత ఆపేక్షగా చూసుకోవడం నేనెక్కడా వినలేదు. మరుసటేడు హైకోర్టు ఇద్దరికీ నాలుగు నెలలు కోర్టుల్లో వాదించకుండా నిషేధం, రెండేసి వేల రూపాయల జరిమానా వేసింది. 2009లో సుప్రీంకోర్టు పి.పి. గారి మీద ధిక్కార నేరం కొట్టేసి, ప్రవర్తన మాత్రం బాగోలేదంది. రెండో ఆయన తప్పు ఖాయం చేసి, ఈ శిక్ష చాలదు, ఎందుకు పెంచకూడదో చెప్పమంది.

నా సంగతికొస్తే, నాలుగు వాయిదాల తరువాత బోనెక్కాను. ఆ నాలుగు రోజులూ వరండాలో గోడకి ఆనుకునే గడిపాను. సాక్షికి కూర్చోను చోటూ తాగను నీళ్లూ కూడా ఉండవని 2000లో సుప్రీంకోర్టే బాధపడింది. ఆ బాధ మా వరండా దాకా ఇంకా చేరలేదు, దారిలో ఎక్కడో వాయిదా పడి ఉంటుంది.

ఎదుటి ప్లీడరు గారు లేచారు. నాకున్న అప్పులూ, నా షుగరూ, కళ్లద్దాల నంబరూ ఆరా తీశారు. అవమానించడానికో విసిగించడానికో అడిగే ప్రశ్నలను కోర్టు అడ్డుకోవాలని భారతీయ సాక్ష్య అధినియమ్ 155వ సెక్షన్ చెబుతుంది. అవి తీసేస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇంకేం మిగులుతుందో మాత్రం చెప్పదు. నాకు దానికన్నా 152వ సెక్షన్ ఇష్టం. 1872లో తెల్లదొర రాసిన చట్టం 2024 జూలై 1న పేరు మార్చుకుంది గాని, అందులో ఉదాహరణగా కూర్చున్న బందిపోటు చోటు మారాడే తప్ప ఖాళీ చెయ్యలేదు. ముక్కూమొహం తెలియని సాక్షిని ఊరికే "నువ్వు బందిపోటువా?" అని అడగకూడదట. ఏం చేసి బతుకుతున్నావని అడిగి, జవాబు సరిగా లేకపోతే అప్పుడు అడగొచ్చట! నేను కాలమ్ రాసి బతుకుతాను. అదేం జవాబు కాదని మా ఆవిడ ఏనాడో తీర్పిచ్చేసింది. ఆ ప్రశ్న ఎప్పుడొచ్చి పడుతుందోనని బోనులో గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను.

అది రాలేదు. వేరేది వచ్చింది. "మూడు పేజీల మీదా మీ ఎదుటే సంతకాలు చేశారా?"

మా ప్లీడరు గారు దగ్గారు. నేను ఆలోచించాను. ఆయన మళ్లీ గట్టిగా దగ్గారు. జడ్జి గారు జాలిపడి నీళ్లు తెప్పించారు. ఆ కోర్టులో నేను చూసిన మొదటి గ్లాసు మంచినీళ్లు అలా ఆయనకి వెళ్లాయి.

ఆయన తాగుతున్నంతసేపూ దగ్గలేదు కాబట్టి నోరుజారి "మూడోదే చూశానండి" అన్నాను.

"మరి అఫిడవిట్‌లో మూడూ అని ఉందే?"

"మిగతా రెండూ మా ప్లీడరు గారు చూశారండి."

తరువాత ఎదుటాయన వరసగా ఏవేవో అంటుంటే, కాదు కాదంటూ పోయాను. చివర్న టైపిస్టు మామూలుగా టైపు చేశాడు: నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు. నిజం చెప్పినవాడికీ చెప్పనివాడికీ ఆఖరి వాక్యం అదేనట.

"కొంప ముంచారు కదండీ!" అంటూ ప్లీడరు గారు వెళ్లిపోయారు. ఆయన జూనియరు కుర్రాడు ఆగి, నెమ్మదిగా అన్నాడు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 63వ సెక్షన్ ఉందట. వీలునామాకి పేజీ పేజీకీ సంతకం ఉండి తీరాలని అందులో లేదట. సంతకం చేస్తుండగా చూడకపోయినా, "ఇది నా సంతకమే" అని రాసినాయన స్వయంగా సాక్షితో అన్నా సరిపోతుందట.

మాస్టారు అన్నారు కూడా. కాఫీ గ్లాసు అందిస్తూ, "ఆ రెండింటి మీదా పెట్టేశానండీ, ఇదొక్కటే మిగిలింది" అన్నారు. ఆ ముక్క నన్నెవరూ అడగలేదు.

మొన్న ఎదురింటి కుర్రాడు గుమ్మంలోంచి కేకేశాడు. "బాబాయ్ గారూ, రండి, కాఫీ తాగి వెళ్దురుగాని!" లోపల బల్లమీద కాగితాలు, వాటి మీద మూత తీసిన పెన్నూ కనిపించాయి.

"డాక్టరు కాఫీ మానెయ్యమన్నాడు నాయనా" అన్నాను. అది అబద్ధమనడం నిజం కాదు.