కెమెరా పుత్రోత్సాహం

పెద్దాపురంలో ముసలితనానికి మంచి రోజులొచ్చాయి. కొడుకు డాలస్‌లో ఉన్నా హాల్లో రెండు, వంటింట్లో ఒకటి, వీధి గుమ్మం మీద ఒకటి కెమెరాలు బిగించేశాడు. ‘అమ్మ చెంతనే ఉన్నట్టుందండీ’ అని బంధువులకి చెబుతుంటాడు. అతనికి ఉన్నట్టే ఉంది. అమ్మకే లేదు.

అమ్మ మూడు పూటలుగా చారన్నంతోనే సరిపెట్టుకుంటోందని కెమెరా ఇట్టే పసిగడుతుంది. కూర మాత్రం వండదు. వండే ఆయా కాసేపు నడుం వాల్చిందో, అక్కడ అర్ధరాత్రయినా సరే ఫోన్ మోగుతుంది. బాత్‌రూమ్‌లో కెమెరా పెట్టరు, పెట్టకూడదు కూడా. పెద్దవాళ్ల కాలు జారేది అక్కడే.

దానికీ విరుగుడుంది. మనిషి గట్టిగా పడితే కనిపెట్టి, కదలిక లేకపోతే తనే ఫోన్ చేసే ఆపిల్ వాచీ 2018లోనే వచ్చింది. కొడుకు పంపాడు. అంత ఖరీదైనది తడిసి పాడవుతుందని మామ్మగారు దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచారు. బీరువా ఇంతవరకూ పడలేదు.

సర్కారుదీ ఇదే వరస. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు గుమ్మం దగ్గరికే వచ్చి నాలుగు వేల పింఛను ఇవ్వడం మెచ్చుకోవలసిందే. కానీ ముందు వేలిముద్ర పడాలి. ఏళ్ల తరబడి మగ్గం మీద పట్టు నేసిన మామ్మగారి వేలు అరిగిపోయింది, యంత్రం ఆనవాలు పట్టదు. పక్కింటి రిటైర్డు ఉద్యోగిది ఇంకో తంటా. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చి బ్యాంకు క్యూ తప్పించింది, సంతోషం. 2021లో ముఖం చూసి పోల్చుకునే సదుపాయమూ వచ్చింది. ఇప్పుడాయన ఏటా ఫోను ముందు కూర్చుని, శుక్లాల కళ్లు ఆర్పి, తాను బతికే ఉన్నానని ఒప్పించుకోవాలి.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం పోషణంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అంది. లైవ్ వీడియో ఆ జాబితాలో లేదు. ఏ చట్టమూ చెప్పకుండానే ఒకప్పుడు వత్సవాయి బుచ్చి సీతయమ్మ మహారాణి పెద్దాపురంలో, కత్తిపూడిలో సత్రాలు పెట్టించింది. ఊరూపేరూ తెలియని బాటసారికి అన్నం పెట్టించిన ఊళ్లో, కన్నతల్లి భోంచేసిందో లేదో ఫోన్‌లో చూసి తృప్తిపడుతున్నాం!

బాబూ, కెమెరా తీసేయమని ఎవరూ అనడం లేదు. దాంతోపాటు పక్కనుండే మనిషికి కడుపు నిండే జీతం పంపు. బీపీ చూడటం, మంచాన పడ్డవాళ్లని ఒత్తిగిలించడం ఆమెకి నేర్పించు. వారానికో రోజు సెలవివ్వు. ఏడాదికోసారైనా వచ్చి ఆ పనులన్నీ నువ్వే చెయ్యి. ఆయా జీతం ఎందుకంత పెంచాలో అప్పుడు నీకే తెలుస్తుంది.