వాస్తు పురుషుల వారికి ఒక అద్దెదారు అర్జీ

శ్రీయుత వాస్తు పురుషుల వారి దివ్య సముఖమునకు,
శిరస్సు: ఈశాన్యం. పాదాలు: నైరుతి.

విషయం: ఏలూరు జిల్లా నూజివీడులో అద్దె పోర్షను దొరకకపోవుట, దొరికాక అందులో మంచం పట్టకపోవుట గురించి.

అయ్యా,

అర్జీదారు పాతికేళ్ల అమ్మాయి. కడప నుంచి నూజివీడుకు ఉద్యోగానికి వచ్చింది. ఇన్నాళ్లూ హాస్టల్లో నలుగురి మధ్య సర్దుకున్న మనిషి, మొట్టమొదటిసారి తనకంటూ ఒక తాళంచెవి కావాలనుకుంది. మేడలూ మిద్దెలూ అడగలేదు. ఒక గది, వంటిల్లు, లోపలే బాత్రూమ్, విడిగా కరెంటు మీటరు చాలంది. ఈ అర్జీ మున్సిపల్ కమిషనరుకో ఆర్డీవోకో పెట్టుకోవలసింది కదా అని తమరు అడగవచ్చు. కానీ ఏ టులెట్ బోర్డు దగ్గర ఆగినా ఆఖరి మాట తమరి పేరు మీదే చెబుతున్నారు.

తమరి పూర్వాపరాలు అర్జీదారుకు తెలుసు. అంధకాసురుడితో పోరాడిన శివుడి చెమట నుంచి తమరు పుట్టారనీ, ఆకలికి లోకాలను మింగబోతే దేవతలంతా కలిసి నేలమీద అదిమిపట్టి పైనెక్కి కూర్చున్నారనీ మత్స్య పురాణం చెబుతోంది. ఎనభై ఒక్క గడుల మండలంలో నలభై ఐదుగురు దేవతలు తమరి ఒంటి మీదే కాపురం. రూపాయి అడ్వాన్సు తీసుకోకుండా అంతమందికి చోటిచ్చిన తమరికి అద్దె కష్టాలు అర్థమవుతాయనే ధైర్యం. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాజుకు, సేనాపతికి, మంత్రికి ఎంతెంత ఇల్లుండాలో కొలతలు రాశాడు. మేడ మీది సింగిల్ బెడ్రూమ్ పోర్షను సంగతి ఆయన దాకా వెళ్లినట్టు లేదు.

మొదటి ఇబ్బంది దిక్కు. అపార్ట్‌మెంట్‌లో వరండాకు అటొక గుమ్మం, ఇటొక గుమ్మం ఉంటాయి. ఒకటి తూర్పు చూస్తే ఎదుటిది పడమర చూడక తప్పదు. బిల్డరు ఎంత గొప్పవాడైనా అన్ని ఫ్లాట్లనూ తూర్పుకు తిప్పలేడు. పడమర ఫ్లాటు ఖాళీగా ఉందని అర్జీదారు సంబరపడితే, కడపలో ఉన్న అమ్మ ఫోన్లోనే కొట్టేసింది.

రెండోది ముహూర్తం. అద్దింటికైనా సరే పాలు పొంగించాలి, గుమ్మానికి మామిడాకులు కట్టాలి. మామిడాకులకు నూజివీడులో కరువా? కరువల్లా తేదీకే. 2024నే తీసుకోండి. ఏప్రిల్ చివర్లో శుక్ర మౌఢ్యం పట్టుకుంది, మేలో గురు మౌఢ్యం తోడైంది, జులై 6 నుంచి ఆగస్టు 4 దాకా ఆషాఢం. బడులూ కాలేజీలూ తెరిచేదీ, కొత్త ఉద్యోగాల్లో చేరేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. మూఢంలో జాయినింగ్ ఆర్డరు ఇవ్వకూడదని ఏ ప్రభుత్వమూ జీవో తీయలేదే!

మూడోది విచారణ. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలను పూత మీదే గుత్తకిచ్చే అలవాటుంది. డిసెంబరు, జనవరిలో కొమ్మల మీది పూత చూసి వ్యాపారి ధర కడతాడు. తేనెమంచు పురుగు తగిలితే ఏమవుతుందో, ఈదురుగాలికి ఎన్ని కాయలు రాలతాయో ఇద్దరికీ తెలియదు. అయినా బేరం కుదురుతుంది. కోత అయ్యేదాకా ఎకరాల తోట, కాపలా గుడిసెతో సహా పైవాడి చేతికి వెళ్తుంది. రైతు అడిగేది డబ్బు ఎన్ని విడతల్లో ఇస్తావనే. ఆ ఊళ్లోనే పదడుగుల గదికి వచ్చేసరికి ప్రశ్నలు మారిపోయాయి. “ఒక్కదానివేనా అమ్మాయ్? మీవాళ్లెవరు? నీచు తింటారా?” జవాబులన్నీ విన్నాక ఒక ఇంటావిడ నొచ్చుకోకుండా చెప్పింది: “ఏమనుకోకమ్మా, వాస్తు రీత్యా ఈ పోర్షను ఫ్యామిలీలకే కలిసొస్తుంది.”

స్వామీ, ఆ మాట తమరన్నదేనా?

2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్న ఊరిది. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలు ఇక్కడ ఆరేళ్లు హాస్టల్లో ఉండి ఇంజినీర్లవుతారు. ఆ గేటు దాటాక హైదరాబాదులోనో బెంగళూరులోనో వాళ్లూ ఇలాంటి బోర్డుల కిందే నిలబడి, ఇవే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి.

నిజానికి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అవి అడిగితే ఇంటివాళ్లు వింతగా చూస్తున్నారు. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు? ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం అనడంతో వచ్చిన వాడుక అది. అద్దె కడుతూ షరతులు పాటించేవారిని ఆటంకం లేకుండా ఉండనివ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అంటోంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త ముందుకెళ్లింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు, మరమ్మతుకో తనిఖీకో లోపలికి రావాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి, తగువు వచ్చిందని నీళ్లూ కరెంటూ ఆపకూడదు. రాష్ట్రాలు తమ చట్టాలను దిద్దుకోవడానికి ఇచ్చిన నమూనా అది. తమరి నమూనాకు మాత్రం ఏ అసెంబ్లీ ఆమోదమూ అవసరం పడలేదు!

ఎట్టకేలకు పోర్షను దొరికింది. గుమ్మం ఉత్తరం, అమ్మ సరేనంది. అడ్రసు ప్రూఫ్ లేనివాళ్లకూ గుర్తింపు కార్డు చూసి ఇచ్చే అయిదు కిలోల సిలిండరు అర్జీదారు తెచ్చుకుంది. వంటగట్టు ఆగ్నేయంలో లేదు, ఈశాన్యంలో ఉంది. మంచం పట్టేది ఒక్క గోడకే, ఎటు తిప్పినా తల ఉత్తరానికే వస్తోంది. గిన్నెలు కుదురుకునేదాకా చిన్న రసాలతోనే రాత్రి భోజనాలు గడిచాయి. వాటికి చాకక్కర్లేదు, పళ్లెం అక్కర్లేదు. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవడమే. అవి తింటూ ఏ దిక్కుకు తిరిగి కూర్చోవాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, తమరూ గుర్తు చేయవద్దని మనవి.

కనుక ప్రార్థించేది: అద్దె ఇంటికి పాలు ఏ నెలలోనైనా పొంగించుకోవచ్చని ప్రకటించాలి. కులం, కూర, పెళ్లి గురించిన అభ్యంతరాలను తమరి పేరు మీద చెప్పకూడదని ఇంటివాళ్లకు తాఖీదు పంపాలి. మంచం విషయంలో ఒక్క గది పోర్షన్లకు మినహాయింపు ఇప్పించాలి.

ఇట్లు,
తమ విధేయురాలు, అర్జీదారు,
మేడ మీది పోర్షను, నూజివీడు.

నకళ్లు:
అగ్ని, ఆగ్నేయ మూల: పొయ్యి స్థానం ఖరారు నిమిత్తం.
వరుణుడు, పడమర దిక్కు: మేడ మీది కుళాయికి నీళ్ల నిమిత్తం.
కుబేరుడు, ఉత్తర దిక్కు: ఖాళీ చేసేనాడు అడ్వాన్సు తిరిగి ఇప్పించు నిమిత్తం.