అట్లే ఉండు

సైకిలు బాగు చేయాలంటే ముందు వెనక చక్రం నేల విడిచి లేవాలి. చెయినుకు నూనె పట్టాలన్నా, ఫ్రీవీలు చప్పుడు వినాలన్నా, రిమ్ము బెండు తీయాలన్నా చక్రం గాల్లో తిరగాల్సిందే. షాపులవాళ్లు దూలానికి గొలుసు వేలాడదీసి, కొక్కేనికి సీటు తగిలిస్తారు. ఇంటి దగ్గర చేసుకునేవాడికి ఆ వసతి ఉండదు. సీటు మీదా హ్యాండిలు మీదా తలకిందులుగా నిలబెడతాడు. ముందు బుట్ట ఉన్న ఆడపిల్లల సైకిలును అట్లా తిప్పితే బుట్ట నలుగుతుంది, బెల్లు ఊడుతుంది. పాత నల్ల సైకిళ్లకైతే స్టాండు వేస్తే చక్రం దానంతట అదే లేచేది. కానీ ఆ స్టాండు వెనక ఇరుసుకే బిగించి ఉంటుంది కాబట్టి చక్రం నట్టు వదులు చేస్తే స్టాండూ వదులైపోతుంది. ఇప్పుడొచ్చే వాటికి చాలావరకు సైడు స్టాండే.

ఇంట్లో వాడుకునే రిపేరు స్టాండ్లు వచ్చింది ఇందుకే. కింద కాళ్లు, మధ్య నిలువు గొట్టం, పైన సీటు గొట్టాన్ని పట్టుకునే క్లాంపు. సైకిలు మొత్తం ఛాతీ ఎత్తుకు లేచి నిలబడుతుంది. ఇంట్లో ఒక్క సైకిలుంటే ఆ ఖర్చు దండగే. నలుగురి సైకిళ్లు చూసేవాడికి మాత్రం తప్పకుండా కొనాల్సిన వస్తువని నా నమ్మకం.

మంగంపేటలో ఒక పెద్దాయన నలుగురివి కాదు, వీధి వీధివీ చూస్తాడు. ఆ ఊరు ముగ్గురాయికి పేరు. ఒకేచోట అంత నిక్షేపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నీళ్లకంటే 4 రెట్లకు పైగా బరువుండే రాయి అది. ఆ బరువు కోసమే దాన్ని మిల్లుల్లో పొడి కొట్టి దేశదేశాలకు పంపుతారు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు, నూనె ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆ పొడి కలిపిన బురదే అణచి పెడుతుంది. పెద్దాయన అట్లాంటి మిల్లులోనే కాటా దగ్గర పనిచేసి మానుకున్నాడు. లారీ వచ్చి నిలబడితే టైర్లు చూసి బరువు చెప్పేవాడని పేరు. ఇప్పుడు ఇంటి వసారాలో పీట వేసుకుని సైకిళ్లు బాగు చేస్తాడు. 'బడికొస్తా' పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పటి నుంచి ఆయన వాకిట్లో పని తెగలేదు. బడిపిల్లల దగ్గర పైసా తీసుకోడు. అట్లాంటి మనుషులున్న వీధిలో పిల్లలు బడికి ఆలస్యంగా పోరు.

కొడుకు కువైట్‌లో ఉంటాడు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు వీడియోలో మాట్లాడతాడు. మొన్నటి శుక్రవారం ఫోను గోడకు ఆనించి, పెద్దాయన ఒక రిమ్ము బెండు తీస్తున్నాడు. వాకిట్లో ఇంకో రెండు సైకిళ్లు కాచుకుని ఉన్నాయి.

"నాయనా, స్టాండు బొమ్మ పంపినా గదా, చూసినావా?"

"చూసినా. కాళ్లు సన్నం. నల్ల సైకిలు ఇరవై కిలోలుంటాది. అంత బరువు పైన పెట్టి పెడలు తిప్పితే పక్కకు ఒరుగుతాది."

"కాళ్ల మీద ముగ్గురాయి పొడి మూట పెట్టు. మన ఊర్లో బరువుకు కొదవా?"

పెద్దాయన నవ్వి, చక్రం తిప్పి, సుద్దముక్క రిమ్ము దగ్గర పట్టాడు. వంకర ఉన్నచోటే గీత పడుతుంది. గీత ఎడమ పక్కన పడితే కుడివైపు పుల్లలు బిగించి ఎడమవైపువి వదలాలి, అదీ అర తిప్పుకు మించకుండా. తొందరపడితే చక్రం కోడిగుడ్డయిపోతుంది. ఓపికతో చేసే పని ఇది, ఆయనకు ఓపిక ఉంది.

"కొంచెం పైకి. ఆ... అట్లే ఉండు."

కొడుకు చేతిలోని ఫోను కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు.

"గంటలకొద్దీ వంగి చేస్తావు నాయనా. నడుము పోతాది."

"నేనెక్కడ వంగుతా? పీట మీద కూర్చోనుంటా. నా నడుము బాగానే ఉండాది. మీ అమ్మకే బాగలేదు. కోడూరుకు పిల్చకపోయి చూపించినా. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో ఎత్తేదానికి బరువులేముండాయి? నీళ్ల బిందె కూడా నేనే దించుతా."

అది నిజమే. బిందె ఆయనే దించుతాడు. బియ్యం మూట కూడా ఆయనే లోపల పెడతాడు.

"అయినా ఎంతంటివి, నాలుగు వేల చిల్లరా?" చక్రం మళ్లీ తిరిగింది. గీత ఈసారి సన్నగా పడింది. "ముప్పై ఏండ్ల నుంచి చేస్తా ఉండా. స్టాండు లేదని ఒక్క పని ఆగిందా? ఆ దుడ్లుంటే మీ అమ్మకు నడుముకు కట్టుకునే బెల్టు వస్తాది. డాక్టరు రాసిచ్చినాడు. అది పంపు. స్టాండు నాకొద్దు."

కొడుకు కాసేపు మాట్లాడలేదు.

"నాయనా, ఇందాక 'అట్లే ఉండు' అంటివే. నన్నేనా?"

"నిన్నెందుకంటారా?"

"ఫోను కొంచెం పక్కకు తిప్పు."

తిప్పాడు. కొంగు నడుముకు బిగించి, వసారా స్తంభానికి వీపు ఆనించి, సైకిలు క్యారియరును రెండు చేతులా ఎత్తి పట్టుకుని తల్లి నిలబడి ఉంది.

"ఆ బెల్టేదో బిరీన పంపు నాయనా," అంది ఆమె. "ఇంకా రెండు సైకిళ్లుండాయి."