ఇంట్లోనే గుండెజబ్బు: తయారుచేసే విధానం

ముందుగా శుభవార్త. దీనికోసం బజారుకెళ్లి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. కావలసిన పదార్థాలు జాడీలోనూ, సోఫా మీదా, చొక్కా జేబులోనూ ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఉడకడానికి కాస్త టైము పడుతుంది, నిజమే. అయితే అందులోనూ మనకు రాయితీ ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూస్తే, దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కంటే కొన్నేళ్లు ముందే వస్తోంది. 2004లో వచ్చిన ఆ అధ్యయనం లెక్కల ప్రకారం, మొదటి గుండెపోటు ముప్పులో నూటికి తొంభై వంతులు తొమ్మిది కారణాల చుట్టూనే తిరుగుతుంది. పొగ, బీపీ, షుగరు, పొట్ట, కొలెస్ట్రాల్, ఒత్తిడి వగైరా. ఆ జాబితాలో దిష్టి లేదు, శని లేదు, తలరాత లేదు. చాలావరకు మన చేతుల్లో పనే కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

మొదట ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే అంతా కలిపి ఒక టీస్పూను. ఈ లెక్క వేసినవాళ్లెవరూ ఆవకాయ పెట్టే రోజున మన ఇళ్లకు రాలేదని తెలిసిపోతూనే ఉంది. ఆవకాయలో ఉప్పు చిటికెలతో వెయ్యం, గిన్నెలతో కొలిచి పోస్తాం.

బీపీ ఉన్న ఇంటిపెద్ద భోజనం ఎలా చెయ్యాలో ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. డాక్టరు చెప్పాడని ఆయన కూర విడిగా, చప్పగా వండుతారు. ఒక ముద్ద తిని, "గడ్డి తిన్నట్టుందే" అంటూ ఆయన జాడీ దగ్గరికి లాక్కుంటాడు. ఓ ముక్క వేసుకుంటాడు. అది ఒంటరిదైపోతుందని ఇంకో ముక్క. రెండింటికీ తోడుగా అడుగునున్న గుజ్జు. పప్పులోకి అప్పడం, పక్కన గుమ్మడి వడియాలు. పెరుగన్నంలోకి చల్ల మిరపకాయలు, అవి కరకరలాడుతుండగానే మాగాయ టెంక. చివరికి చెయ్యి కడుక్కుంటూ, "కూరలో ఉప్పు మానేసి ఆర్నెల్లయింది, అయినా బీపీ దిగదేమే?" అని వాపోతాడు. ఆ అమాయకత్వం సాధనతో గానీ రాదు.

లోపల జరిగేది చాలా సులువు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ గుండె ఎడమ గది గోడ మందమెక్కుతుంది. జిమ్ముకి వెళ్లకుండా ఒంట్లో కండ పెరిగే చోటు ఇదే. పెరిగిన ఆ కండ బిగుసుకుపోయి, తర్వాత రక్తాన్ని సరిగా నింపుకోలేదు. ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి.

కొంచెం డబ్బున్నవాళ్లైతే మామూలు ఉప్పు మానేసి, నాలుగింతలు ధర పెట్టి గులాబీరంగు సైంధవ లవణం కొనండి. అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. కానీ రంగు బాగుంటుంది, పైగా "మేం ఉప్పు మార్చేశాం" అని నలుగురిలో చెప్పుకోవచ్చు.

ఇక మాత్రలు. బీపీ ఉందో లేదో చూపించుకోవద్దు, తల తిరిగితే అప్పుడు చూద్దాం అనుకోండి. చాలామందికి బీపీ ఏ లక్షణమూ చూపించదు కాబట్టి ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి నిశ్చింతగా సాగుతుంది. ఖర్మకాలి ఎవరో చూసి మాత్ర రాసిచ్చారనుకోండి, రెండు నెలలు వేసుకోండి. బీపీ 130కి 80కి దిగగానే "నార్మలైపోయింది" అని ఆపేయండి. మాత్ర వేసుకుంటున్నందువల్లే దిగిందన్న అనుమానం దగ్గరికి రానివ్వకండి. మళ్లీ పెరిగితే మందుల షాపుకెళ్లి, "తెల్లగా, చిన్నగా ఉంటుంది, ఆ మాత్ర ఇవ్వు బాబూ" అనండి. తెల్లగా, చిన్నగా ఉండే మాత్రలు ఆ షాపులో చాలానే ఉంటాయి, ఏదో ఒకటి దొరుకుతుంది. ఎదురింటాయనకు పనిచేసిన మాత్రయితే మరీ మంచిది. ఆయనా మీరూ ఒకే కులం కూడాను.

నడక విషయంలో జాగ్రత్త అవసరం, పొరపాటున మేలు జరిగే ప్రమాదం ఉంది. వారానికి కనీసం 150 నిమిషాలు, కాస్త చురుగ్గా నడవాలన్నది వైద్యుల లెక్క. చురుగ్గా అంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి. కాబట్టి అన్నమయ్య కీర్తన పల్లవి నుంచి చివరి చరణం దాకా రాగం తెగకుండా వచ్చే వేగంలో నడవండి. నలుగురు వరుసగా, దారికి అడ్డంగా, ఎవరి ప్రభుత్వం వస్తుందో తేల్చుకుంటూ. పార్కు గేటు బయట పునుగుల బండి ఉంటుంది. అక్కడ ఒక ప్లేటు, కొబ్బరి చట్నీ మరోసారి వేయించుకుని. నడకలో ఖర్చయిన శక్తి పావుగంటలో వడ్డీతో సహా వెనక్కొచ్చేస్తుంది.

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశోధన అచ్చయింది. రోజంతా కూర్చుని బండి తోలే డ్రైవర్ల కన్నా, టిక్కెట్లు కొడుతూ మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని తేలింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే రూటు. తేడా మెట్ల దగ్గరే. మీ ఆదర్శం డ్రైవరు సీటే కావాలి. మొదటి అంతస్తుకు లిఫ్టు, వీధి చివర పాల ప్యాకెట్టుకు స్కూటరు, టీవీ రిమోటు దూరంగా ఉంటే మనవడు.

ఎవరైనా తిండి గురించి నీతులు చెబితే వెంటనే తాతగారిని బయటికి తియ్యండి. "మా తాత రోజూ గిద్దెడు నెయ్యి పోసుకుని తొంభై ఏళ్లు బతికాడు." ఈ వాక్యానికి తిరుగులేదు. ఆ తాత తెల్లవారుజామున అరక కట్టి, సంతకు కాలినడకన పోయి వచ్చేవాడన్న సంగతి ఎత్తకండి. ఆస్తి పంపకాల్లో మీ వాటాకు నెయ్యి వచ్చింది, నాగలి ఎవరి వాటాకూ పోలేదు, అంతే. యాభైకే పోయిన ఆయన తమ్ముడి ఊసు కూడా అక్కర్లేదు. త్వరగా పోయిన తాతలను ఎవరూ ఉదాహరణగా చెప్పరు.

నూనె ప్యాకెట్టు మీద ఎర్రటి గుండె బొమ్మ, "కొలెస్ట్రాల్ లేదు" అన్న మాట ఉంటే ధారాళంగా వాడండి. వేరుశనగలోనూ, పొద్దుతిరుగుడు గింజలోనూ కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు. అయినా చెప్పారంటే ఎంత మంచివాళ్లో! మిరపకాయ బజ్జీలు వేయించిన నూనెను పారబోయకుండా రేపటి పూరీలకూ, ఎల్లుండి గారెలకూ దాచండి. నల్లబడి, వాసన మారాక దాని విలువ పూర్తిగా దక్కినట్టు.

సిగరెట్టు గురించి ఎక్కువ చెప్పను. మానేసిన ఏడాదికల్లా గుండెజబ్బు ముప్పు తాగేవాళ్ల ముప్పులో దాదాపు సగానికి పడిపోతుందట. అందుకే ఏడాది మాత్రం పూర్తికానివ్వకండి, పదకొండో నెలలో ఏదో ఒక పెళ్లి పెట్టుకోండి. నిద్ర సంగతి మీ ఫోను చూసుకుంటుంది.

ఏడాదికోసారి హెల్త్ చెకప్ ప్యాకేజీ తప్పనిసరిగా చేయించుకోండి. ముప్ఫై పేజీల రిపోర్టు ఇస్తారు. నల్లగా, లావుగా అచ్చయిన అంకెలు హద్దు దాటినవి. అవి కనబడకుండా ఫైలు మూసి, బీరువాలో పట్టుచీరల కింద పెట్టండి. చెకప్ చేయించుకున్నాం కదా, ఇంక ఏడాది దాకా భయం లేదు.

కుటుంబ గ్రూపులో వచ్చే వైద్యాన్ని గౌరవించండి. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటొస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే బతుకుతారన్న మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. గుండె వైద్యులు అది పనికిరాదని చెబుతూనే ఉన్నారు. కానీ ఆ మెసేజ్ కింద "పదిమందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి" అని ఉంటుంది, డాక్టరు చీటీ కింద ఉండదు.

ఇంతదాకా చెప్పినవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఒకనాటి రాత్రి ఫలితం చేతికొస్తుంది. ఛాతీ మధ్యలో ఎవరో కూర్చున్నట్టు బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం. ఆడవాళ్లకైతే ఒక్కోసారి ఉత్త నీరసంగానో, వికారంగానో. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండానే రావచ్చు. ఈ ఘట్టానికి మన దగ్గర ఏళ్ల నుంచీ సిద్ధంగా ఉన్న పేరు ఒకటుంది: గ్యాస్.

గ్యాస్ అని నిర్ధారించే అధికారం డాక్టరుది కాదు, బావమరిదిది. ఆయనకు ఫోన్ చెయ్యండి. "రాత్రి ఏం తిన్నావ్ బావా?" అంటాడు. శనగపప్పు పేరెత్తగానే కేసు కొట్టేస్తాడు. వాము నమలమంటాడు, సోడా తాగమంటాడు, ఎడమవైపు పడుకోమంటాడు. అత్తయ్య వేణ్ణీళ్ల కాపడం పెడుతుంది. ఒక తేన్పు వస్తుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఇంతలో గుండెకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడి, ఆ వెనకాల కండరం నిమిషం నిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన కండరం మళ్లీ మొలవదు. గడ్డను కరిగించే ఇంజెక్షనైనా, నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ అయినా ఎంత ముందు అందితే అంత మేలు, అందులోనూ మొదటి గంట మరీ ముఖ్యం. ఆ గంట మనకు వాము నమలడంలో గడుస్తుంది. తర్వాత తెల్లవారనిద్దామంటారు. తెల్లవారాక, పేషెంటే స్కూటరు స్టార్ట్ చేసి భార్యను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరుతాడు.

ఈ ఒక్క ఘట్టంలో మాత్రం నా సలహాలు వినకండి. ఈసీజీ తియ్యడానికి పట్టేది అయిదు నిమిషాలు. మొదటిది మామూలుగా ఉన్నా, నొప్పి తగ్గకపోతే మళ్లీ తియ్యమని అడగండి. నిజంగా గ్యాసే అయితే, ఈసీజీ తీయించుకున్నారని అది ఏమీ అనుకోదు. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది, ఫోన్ చెయ్యడానికి పైసా అక్కర్లేదు. ముందు ఆ నంబరు నొక్కండి. బావమరిదికి ఆస్పత్రి నుంచి చెప్పొచ్చు.