కాంటెస్టు కుర్రాడు

కాంటెస్టు కుర్రాడంటే కోడింగ్ పోటీల్లో కొత్తగా దిగిన ఇంజనీరింగ్ విద్యార్థి. సొంతూరు కలువాయిలో సెలవులకే కనిపిస్తాడు. మిగతా కాలమంతా హాస్టల్. సిగ్నలు అందేది మిద్దె మీద కాబట్టి ల్యాప్‌టాప్, ఫోను, దోమలబత్తి మూడూ అక్కడికే చేరతాయి.

ఇతనికి లెక్క వస్తుంది. లెక్కలోని అంకెలను చదువుకోవడమే రాదు. 2009లో మొదలైన కోడ్‌చెఫ్ అనే పోటీల సైటులో ఏటీఎం అనే పాత ప్రశ్న ఒకటుంది. పూజ అనే అమ్మాయి డబ్బు తియ్యాలి. అడిగిన మొత్తం అయిదుతో భాగారం కావాలి, బ్యాంకు పట్టుకునే అర డాలరుతో కలిపి ఖాతాలో అంత ఉండాలి. 120.00 ఉండగా 30 తీస్తే మిగిలేది 89.50. ఊళ్లో నిమ్మకాయల కాటా దగ్గరైతే నోటితోనే చెప్పేస్తారు.

చిక్కల్లా ఆ రెండు అంకెలూ ఒకే వరసలో, మధ్య ఖాళీతో రావడం. కుర్రాడు పైథాన్‌లో ఒక ఇన్‌పుట్‌కు ఒక అంకె అనుకుంటాడు. పైథాన్ వరస మొత్తాన్నీ ఒకే స్ట్రింగుగా చేతిలో పెడుతుంది. దాన్ని ఇంట్, అంటే పూర్ణాంకం, చెయ్యమంటే మధ్యలోని ఖాళీని చూసి మొరాయిస్తుంది. స్ప్లిట్‌తో విడగొట్టాలని తెలిశాక రెండు ముక్కలకూ ఇంట్ తగిలిస్తాడు. ఈసారి 120.00లోని చుక్క అడ్డం పడుతుంది. దానికి దశాంశాలు పట్టే ఫ్లోట్ కావాలి. రెండుసార్లూ సైటు చెప్పేది ఒకే మాట, ఎన్‌జెడ్‌ఈసీ, అంటే ప్రోగ్రాం తప్పుతో ఆగిపోయిందని. రోగం ఉందంటుందే గానీ ఏ రోగమో చెప్పదు.

తన ల్యాప్‌టాప్‌లో మాత్రం అన్నీ పనిచేస్తాయి. 30 కొట్టి ఎంటరు, 120 కొట్టి ఎంటరు, సరైన జవాబు. పైగా ల్యాబ్‌లో నేర్పినట్టు ‘ఎంటర్ ద అమౌంట్’ అని ముందుగా మర్యాదగా అడుగుతాడు. ల్యాబు పరీక్షలో ఆ మర్యాదకు మార్కులు పడతాయి. ఇక్కడ జడ్జి మనిషి కాదు, ప్రోగ్రాం ముద్రించిన ప్రతి అక్షరాన్నీ జవాబుగానే లెక్కగట్టే మరో ప్రోగ్రాం. కాబట్టి రాంగ్ ఆన్సర్.

“ఏందిరా అబ్బయా, ఇంకా కాలేదా? సంగటి చల్లారిపోతుండాది” అని తల్లి కింద నుంచి కేకేస్తుంది.

“పూజకు డబ్బులు రావడంలేదు మా.”

తోట నుంచి అప్పుడే వచ్చిన తండ్రి మెట్ల దగ్గర ఆగుతాడు. “ఎవుర్రా ఆ పిల్ల?”

నిందలకు ఒక వరస ఉంది: ముందు సిగ్నలు, తర్వాత సైటు, చివరికి పైథాన్. భాష మార్చి సీప్లస్‌ప్లస్‌కు వెళ్తే అక్కడ ఇన్‌పుట్ చదివే సీఇన్ ఖాళీలనూ కొత్త వరసలనూ తనంతట తానే దాటేస్తుంది. పూజకు డబ్బు వస్తుంది. ఆ సంతోషం పేర్లు చదవాల్సిన ప్రశ్న వచ్చేదాకానే. సీఇన్‌తో సంఖ్య చదివి, వెంటనే వరస మొత్తం చదివే గెట్‌లైన్‌తో ఇంటిపేరుతో సహా పేరు చదవబోతే ఖాళీ వరస దొరుకుతుంది. సంఖ్య వెనక మిగిలిపోయిన ఎంటరును గెట్‌లైన్ ఎత్తుకుపోయి ఉంటుంది. జావాలో నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్‌దీ ఇదే తంతు.

కొన్నాళ్లకు సీనియరు దగ్గర ఒక టెంప్లేటు సంపాదిస్తాడు. ఇన్‌పుట్ అంతా ఒక్కసారే చదివి ముక్కలు చేస్తుందది. ఎలాగో తెలుసుకోడు, అతికిస్తాడు. మొదటి వరసలో టెస్టుకేసుల సంఖ్య ఉంటుందని ఆ టెంప్లేటు నమ్మకం. అలాంటి వరస లేని ఏటీఎం ప్రశ్నలో పూజ అడిగిన 30ని ముప్పై టెస్టులనుకుంటుంది. మరుసటి ఏడు జూనియర్లకు అదే టెంప్లేటు పంపుతూ, “ముందు ఇన్‌పుట్ ఫార్మాట్ చదువు తమ్ముడూ” అంటాడు.

ఇన్‌పుట్‌లో తప్పడం మానేసినవాడు అల్గారిదమ్‌లో తప్పడం మొదలుపెడతాడు. అతణ్ని వేరే జాతిగా లెక్కించాలి.